వంతెన ఎత్తే ముందు

నా పేరు రిన్స్కే. మా అమ్మకి వచ్చిన మతిమరుపు జబ్బే నాకూ వచ్చింది. నేను నేనుగా ఉండగానే, ఇవాళే, చనిపోవాలనుకుంటున్నాను. ఇవీ మూడు వాక్యాలు. కిటికీ పక్క కుర్చీలో కూర్చుని, పెదవులు కదలకుండా వల్లె వేసుకుంటున్నాను. పెదవులు కదిలితే నా కూతురు హిస్కే చూస్తుంది, చూస్తే "ఏమైనా కావాలా అమ్మా?" అంటుంది, అంటే ఏదో ఒకటి చెప్పాలి, చెప్పేలోపు మూడో వాక్యం జారిపోతుంది, సబ్బునీళ్ళలో చెంచా జారినట్టు. చెయ్యి పెట్టి తడిమితే ఫోర్కు దొరుకుతుంది, కత్తి దొరుకుతుంది, చెంచా మాత్రం దొరకదు. మధ్యాహ్నం కాఫీ వేళకి డాక్టరమ్మ ఫెన్నా వస్తుంది. ప్రాణం తీసే మందున్న సంచీతో వస్తుంది, మా దేశంలో చట్టం దానికి ఒప్పుకుంటుంది. వచ్చి, తనెందుకొచ్చిందో నన్నే చెప్పమని అడుగుతుంది. ఏడాదిగా వచ్చినప్పుడల్లా అడుగుతూనే ఉంది, ఆవిడ పంపిన వేరే డాక్టరు కూడా వచ్చి అడిగి వెళ్ళాడు, ఇద్దరికీ చెప్పాను, కాగితం మీద సంతకం కూడా ఉంది. అయినా ఇవాళ మళ్ళీ అడుగుతుంది. "సంతకం చేసింది అప్పటి మీరు. నేను అడగాల్సింది ఆ రోజు కుర్చీలో ఉన్న మిమ్మల్ని. మీ నోటితో మీరు చెప్పలేకపోతే సంచీ తీసుకుని వెళ్ళిపోతాను, నన్ను తిట్టుకోకండి" అని మొదటి రోజే అనేసింది. అలా అన్నందుకే ఆవిడంటే నాకిష్టం. ఇప్పుడు అందుకే ఆవిడంటే భయం. నా పేరు రిన్స్కే. మా అమ్మకి వచ్చిన జబ్బే.

కాలువ మీద ఎండ పడుతోంది. ఇలాంటి ఎండ రాకుండా ఉంటే బాగుండేది. ఫ్రీస్లాండ్‌లో సెప్టెంబరు చివర అంటే గాలి, వాన, గాలి, అంతేగా, ఇవాళ మాత్రం రెల్లు కూడా కదలడం లేదు, అవతలి గట్టు మీద గొర్రెలు ఉతికి ఆరేసినట్టున్నాయి, వంతెన తెల్లరంగు నీళ్ళలో పడి ఇంకో వంతెన అయింది. పొద్దున్న లేచేసరికి బుర్రంతా తేటగా ఉంది. చొక్కా బొత్తాలు సరిగ్గా పెట్టుకున్నాను. పాయిదొడ్లో తలుపు వెనక వేలాడే పుట్టినరోజుల క్యాలెండర్‌లో పేర్లన్నీ చదివాను, చదివిన ప్రతి పేరుకీ మొహం గుర్తొచ్చింది, తమ్ముడు వీబే ముక్కు, హిస్కే మొగుడి బట్టతల, అన్నీ. మే నెలలో రిన్స్కే అని ఉంది, అది నేనే అని కూడా తెలిసింది. ఇంత మంచి రోజు. ఇలాంటి రోజున ఎవరు పోతారు? ఇక్కడే ఉంది ఉచ్చు. మంచి రోజున పోవాలనిపించదు, చెడ్డ రోజున అడగడం చేతకాదు. రెంటికీ మధ్య తలుపు సందంత జాగా ఉంది, అందులోంచి పక్కకి తిరిగి దూరిపోవాలి, ఉండాలని ఉండగానే పోవాలి. ఇది ఎవరికి చెప్పినా "అయితే ఉండు" అంటారు. ఉండు అనడం ఎంత తేలిక. ఎవరు ఉంటారు? నేనా? నా చొక్కా వేసుకుని, నా కుర్చీలో కూర్చుని, మా ఆయన డౌవేని చూసి ఈ ముసలాయన ఎవరు, ఇంట్లోకి ఎలా వచ్చాడు అని కేకలు పెట్టే ఆ మనిషా? పోయిన నెల ఆ మనిషి ఒకసారి వచ్చి వెళ్ళింది. డౌవే చేతిమీద గోళ్ళ గీతలు ఇంకా మానలేదు. అడిగితే గులాబీ ముళ్ళన్నాడు. మా ఇంట్లో గులాబీలు లేవు.

వంటింట్లోంచి కత్తి చప్పుడు వస్తోంది. డౌవే బంగాళాదుంపలు చెక్కు తీస్తున్నాడు. రాత్రి భోజనానికి దుంపలు మధ్యాహ్నమే చెక్కుతీసి నీళ్ళలో వేసి ఉంచడం, పెళ్ళయినప్పటినుంచీ ఆయన పని. "నాన్నా, ఇన్నెందుకు?" అంటోంది హిస్కే. "ఇన్నేగా రోజూ." "నాన్నా." "అలవాటే."  మళ్ళీ కత్తి. డౌవే ఇంతవరకూ సరే అనలేదు. వద్దు అని కూడా అనలేదు. డాక్టరమ్మ వచ్చినప్పుడల్లా కాఫీ పెట్టాడు, బిస్కట్ల డబ్బా మూత తీసి ఒక్కొక్కరికి ఒక్కొక్కటి ఇచ్చి మళ్ళీ మూత పెట్టాడు, నేను చెప్తున్నంతసేపూ నేల చూశాడు, చివర్లో "ఆవిడిష్టం" అన్నాడు. ఆవిడిష్టం. నలభై ఏళ్ళకి పైగా కలిసి వంతెన ఎత్తి దించిన మనిషి ఎవరో పరాయిదాని గురించి మాట్లాడినట్టు ఆవిడిష్టం అన్నాడు. ఆయన సరే అనక్కర్లేదు, డాక్టరమ్మ అదీ చెప్పింది, మీ ఒక్కరి మాటే లెక్క అంది. నిజమే. కానీ నేను ఆయన చెయ్యి చూడకుండా ఎప్పుడు వంతెన ఎత్తాను?

ఇప్పుడు ఈ వంతెనని ఎక్కడో పట్నంలో కూర్చుని బొత్తాం నొక్కి ఎత్తుతారు. కెమెరా ఉంది, కెమెరాకి మేము కనిపిస్తామేమో, కిటికీలో ముసలమ్మ అని అనుకుంటారేమో. మేమిద్దరం వంతెన కాపలాలో ఉన్నప్పుడు అలా కాదు. పడవవాడు మలుపు దగ్గరే బూర ఊదేవాడు, ఒక పొడుగు, ఒక పొట్టి, మళ్ళీ ఒక పొడుగు, అంటే వంతెన తెరువు అని. డౌవే పరుగున అవతలి గట్టుకి వెళ్ళి అక్కడి గేటు దించేవాడు, ఇవతలి గేటు నేను. దించాక ఆయన రోడ్డు అటూ ఇటూ చూసి, వంతెన పలకల మీద మనిషీ సైకిలూ గొర్రే ఏదీ లేదని చూసుకుని, చెయ్యి ఎత్తేవాడు. కుడి చెయ్యి, తలకంటే పైకి. అది చూశాకే నేను గొలుసు పట్టుకు లాగాలి. గాలిలో అరిస్తే వినబడదు, అందుకే చెయ్యి. గొలుసు లాగితే మొదట ఏమీ కాదు, మోకాళ్ళు వంచి బరువంతా వేలాడేస్తే అప్పుడు కదులుతుంది, కదిలాక ఇక నా బలం అక్కర్లేదు, వెనకున్న బరువే లేపుకుపోతుంది. పడవ కింద నుంచి పోతుంటే నేను గాలానికి కట్టిన చెక్క బూటు పడవవాడి ముందుకి వదిలేదాన్ని, వాడు సుంకం అందులో వేసేవాడు, హిస్కే చిన్నప్పుడు ఆ బూటులో ఒకసారి కప్పని పెట్టింది. పడవవాడి కేక ఇప్పటికీ వినిపిస్తుంది. కప్ప ఎటు పోయింది? నీళ్ళలోకి. మూడో వాక్యం ఏమిటి? నేను నేనుగా ఉండగానే. ఉంది. ఉంది ఇంకా.

అమ్మకి వాక్యాలు లేవు. అమ్మ బౌక్యె, గట్టి మనిషి, జబ్బు తెలిసిన రోజే ఇలాంటి కాగితం మీదే సంతకం చేసింది, నన్ను మంచానికి కట్టి తినిపించే రోజు రానివ్వకండి అంది. డాక్టరు ఈ వేసవిలోనా అంటే, వేసవి వదలనా, వేసవి పోనీ, ఆకులు రాలాక చూద్దాం అంది. వేసవి బాగుంది ఆ ఏడు. ఆకులు రాలాయి. డాక్టరు వచ్చి కూర్చుని, బౌక్యె గారూ, నేనెందుకొచ్చానో తెలుసా అని అడిగితే, అమ్మ ఆయన్ని ఆదరంగా చూసి "ఎంత చక్కటి రోజు. కాఫీ ఉందా?" అంది. అంతే. ఆ ఒక్క వేసవి ఖరీదు అది. తర్వాత మతిమరుపు వాళ్ళ హోముకి తీసుకెళ్ళాం, తాళాలు వేసి ఉంచే విభాగం, తోటలో ఒక బస్‌స్టాపు. బల్ల ఉంది, గుర్తు పలక ఉంది, బస్సులు వచ్చే వేళలు కూడా అతికించి ఉన్నాయి, బస్సు మాత్రం రాదు. ఇంటికి పోతానని గొడవ చేసేవాళ్ళని అక్కడ కూర్చోబెడతారు, కూర్చుని కూర్చుని ఎందుకు కూర్చున్నారో మర్చిపోయాక లోపలికి తీసుకొస్తారు. దయగల మనుషులు, ఎవరినీ తప్పు పట్టను. అమ్మ చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. నేను వెళ్తే జరిగి చోటు ఇచ్చేది. "మీరు ఏ ఊరమ్మా? ఈ బస్సు ఆలస్యమే ఎప్పుడూ" అనేది. నేను పక్కన కూర్చునేదాన్ని. ఇద్దరం రోడ్డు లేని వైపు చూస్తూ. మంచులో కూడా కూర్చుంది. ఒకరోజు సంచీ తెరిచి చూశాను, అందులో ఎండిపోయిన రొట్టె ముక్కలు, ఎవరిదో కట్టుడు పళ్ళ సెట్టు. ఆ బల్ల ఇంకా అక్కడే ఉంటుంది. నా వెడల్పుకి సరిపోతుంది.

నిన్న వీబే వచ్చాడు. తమ్ముడు, చర్చిలో పెద్ద, ఆదివారం సైకిలు కూడా తొక్కడు. టోపీ చేతిలో తిప్పుతూ నిలబడ్డాడు, కూర్చోమంటే కూర్చోలేదు. "అక్కా, దేవుడికి కూడా అపాయింట్‌మెంట్ ఇచ్చేశావా?" అన్నాడు. "ఒరేయ్, నీ మోకాలి చిప్ప మార్పించుకున్నప్పుడు ఆయన్ని అడిగావా?" అన్నాను. "మోకాలూ ప్రాణమూ ఒకటా?" "నీ మూలుగు వింటే ఒకటే అనిపించింది." నవ్వు ఆపుకున్నాడు, మీసం కిందనించి బయటపడింది, వెంటనే మొహం ముడిచాడు. "నేను రేపు రాను. తప్పనుకున్న చోట నిలబడలేను." "రాకు. నీ చోట నువ్వుండు." గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు. "అమ్మని నేనే చూసుకోవాల్సింది అక్కా. నువ్వొక్కదానివే ఆ బల్ల మీద కూర్చున్నావు." ఆ మాట అని, టోపీ పెట్టుకోవడం మర్చిపోయి సైకిలెక్కి పోయాడు. టోపీ ఇంకా కొక్కేనికి ఉంది. దాని కోసం వస్తాడు, వచ్చేసరికి. హిస్కే, వీబే టోపీ. చెప్పాలి. చెప్తే మూడో వాక్యం పోతుంది. చెప్పను. నా పేరు రిన్స్కే. మా అమ్మకి.

"అమ్మా, కేకు కోయనా, డాక్టరమ్మ వచ్చాకా?" హిస్కే గులాబీరంగు పూత పూసిన కేకు తెచ్చింది, పెళ్ళికైనా చావుకైనా మా వైపు అదే కేకు. దాని కళ్ళు ఉబ్బి ఉన్నాయి, గొంతు మాత్రం బడిలో పిల్లల హాజరు పిలిచే గొంతే. "వచ్చాకే" అన్నాను. సరైన మాటే చెప్పాను. చూశారా, చెప్పగలను. అది నా వెనక దిండు సర్దుతూ వంగి, "భయంగా ఉందా?" అంది చెవిలో. "చచ్చిపోవడానికి కాదు." "మరి?" "చెప్పలేకపోతానేమోనని." నా జుట్టు మీద చెయ్యి వేసింది, ఒత్తింది. అది వెళ్ళాక వెతుక్కున్నాను. నా పేరు రిన్స్కే, ఉంది. మా అమ్మకి వచ్చిన జబ్బు, ఉంది. మూడోది. మూడోది ఇక్కడే ఉండాలి. వంతెన, గొలుసు, కప్ప, టోపీ. నేను నేనుగా. నేనుగా ఏమిటి? నేనుగా ఉండగా ఏం చెయ్యాలి? పడుకోవాలా. ప్రయాణమా. ఆ మాట చిన్నదే, అందరూ వాడేదే, పిల్లలకి కూడా తెలిసినదే, గొర్రెకి ఏమైంది అంటే చెప్పే మాట. నాలిక మీద దాని ఆకారం తెలుస్తోంది, అచ్చు తెలుస్తోంది, మాట లేదు.  కుర్చీ చేతుల్ని పట్టుకున్నాను. ఇప్పుడే కాదు, దయచేసి ఇప్పుడే కాదు, రేపటినుంచి అన్నీ తీసుకుపో, నా పేరు తీసుకుపో, హిస్కే మొహం తీసుకుపో, ఈ ఒక్క మాట సాయంత్రం దాకా వదులు. ఎవరిని అడుగుతున్నాను? వీబే దేవుణ్ణా? జబ్బునే అడుగుతున్నాను, దానికి చెవులుంటే.

ఒకసారి డౌవే చెయ్యి ఎత్తలేదు. ఎందుకో పోట్లాట, నా చెల్లెలి పెళ్ళికి ఆయన మాసిన కోటు వేసుకొచ్చాడనో, నేను నలుగురిలో అన్నాననో. మర్నాడు ఇసుక పడవ వచ్చింది, గేట్లు దించాం, రోడ్డు ఖాళీ, ఆయన అవతల నిలబడి రెండు చేతులూ జేబుల్లో పెట్టుకున్నాడు. పడవ దగ్గరకొచ్చేస్తోంది, గాలికి అడ్డం తిరుగుతోంది, పడవవాడు తిడుతున్నాడు, "ఓయ్ మొగుడూ పెళ్ళాం, మీ కాపురం తర్వాత చేసుకోండి, ముందు వంతెన ఎత్తండి!" నేను గొలుసు పట్టుకుని నిలబడ్డాను. లాగొచ్చు. రోడ్డు ఖాళీ అని నాకూ కనిపిస్తోంది. లాగలేదు. ఆయన జేబుల్లోంచి చెయ్యి తీసే దాకా లాగలేదు. పడవ గుంజలకి రాసుకుని రంగు పోయింది. రాత్రి అన్నాడు, "నువ్వు లాగేస్తావనుకున్నా." "నీ చెయ్యి లేవందే ఎలా లాగుతాను?" అన్నాను. అప్పుడు నవ్వాడు, ఆ పోట్లాట అక్కడితో సరి. ఇది ఇంత స్పష్టంగా ఉంది. ఎవడో పడవవాడి తిట్టు అక్షరం పొల్లుపోకుండా ఉంది, నాకు కావలసిన ఒక్క మాట లేదు.

కారు ఆగిన చప్పుడు. గులకరాళ్ళ మీద అడుగులు. ఫెన్నా వచ్చింది, నల్ల కోటు, సంచీ తలుపు పక్కన పెట్టింది, మా వైపు పలకరింపుగా మూడుసార్లు నా బుగ్గకి బుగ్గ ఆనించింది, చల్లగా ఉన్నాయి ఆవిడ బుగ్గలు. "డౌవే గారూ, హిస్కే, మమ్మల్ని కాసేపు వదిలేస్తారా?" వాళ్ళు వంటింట్లోకి వెళ్ళారు. తలుపు మూత పడలేదు పూర్తిగా, ఎప్పుడూ పడదు, చెక్క ఉబ్బింది, సందులోంచి డౌవే వీపు కనిపిస్తోంది. ఫెన్నా స్టూలు లాక్కుని నా ఎదురుగా మోకాళ్ళు తగిలేంత దగ్గరగా కూర్చుంది. "రిన్స్కే గారూ, నేనెందుకొచ్చానో చెప్తారా?" నా పేరు రిన్స్కే, అన్నాను. అవునంది. మా అమ్మకి వచ్చిన జబ్బే నాకు వచ్చింది, అన్నాను. అవునంది. ఆగింది. గడియారం లేదు ఆ గదిలో, ఉన్నట్టు వినిపిస్తోంది. కిటికీ బయట ఎండ. ఆవిడ కళ్ళు నన్ను వదలడం లేదు. నా నోరు తెరుచుకుంది, అందులోంచి ఒక గొంతు వచ్చింది, "ఎంత చక్కటి రోజు" అంది. అది నా గొంతు కాదు. ఆ తర్వాత వచ్చే మాట ఏమిటో నాకు తెలుసు, కాఫీ మాట, పళ్ళు బిగబట్టి దాన్ని ఆపాను.

ఫెన్నా ముందుకి వంగింది. "మీకేం కావాలి రిన్స్కే గారూ?" నేను చేతులు ఆడించాను. మాట, మాట పోయింది అన్నాను. "ఏ మాట?" "మీకు తెలుసు." "తెలుసు. కానీ నేను అందించలేను. అందించకూడదు." ఆవిడ కళ్ళలో నీళ్ళు. నా రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుంది. "ఇవాళ వద్దులెండి. మీరు అలిసిపోయారు. వచ్చేవారం మళ్ళీ వస్తాను." వచ్చేవారం. ఆకులు రాలాక. ఆవిడ లేచింది, స్టూలు కాళ్ళు నేలమీద గీసుకున్నాయి, అప్పుడు తలుపు సందులో డౌవే భుజాలు చూశాను. దిగాయి. అన్ని నెలలుగా చెవుల దాకా బిగిసి ఉన్న భుజాలు, పడవ వంతెన దాటి పోయాక దిగినట్టు, మెల్లగా దిగాయి. ఏమయ్యా డౌవే, నీకు హాయిగా ఉందా? రాత్రి దుంపలు ఉడకేస్తావు. నాకూ ఓ ముద్ద పెడతావు. తర్వాత చలికాలంలో ఒకరోజు కోటు తొడిగించి తీసుకెళ్తావు, ఆదివారాలు వస్తావు, జరిగి చోటిస్తాను, మీరు ఏ ఊరండీ అంటాను.

ఫెన్నా కోటు చెయ్యి పట్టుకున్నాను. కుట్టు పిగిలిన చప్పుడైంది. "కూర్చోండి" అన్నాను. కూర్చుంది. "మా అమ్మ బస్సు కోసం కూర్చుంది." "అవును, చెప్పారు." "ఆ బస్సు రాదు. ఆ బల్ల మీద నేను కూర్చోను." "కూర్చోకుండా?" "కూర్చోకుండా," అన్నాను, గొలుసు పట్టి మోకాళ్ళు వంచినట్టు, కదలదు, కదలదు, బరువంతా వేలాడేశాను, ఎక్కడో వెనక ఏదో కదిలింది, "చనిపోవాలి. ఇవాళ." వచ్చింది. ఆ చిన్న మాట. "వచ్చేవారం కాదా?" అంది ఫెన్నా. గట్టిగానే అడిగింది, అడగాలి ఆవిడ. "వచ్చేవారం మంచి రోజైతే ఉండాలనిపిస్తుంది. చెడ్డ రోజైతే అడగడం రాదు. మా అమ్మ వేసవి చూసింది. నేను చూడను. ఇవాళ, నేను రిన్స్కేని ఇంకా." ఇంకా కొంత అన్నాను, డౌవే చేతిమీది గీతల గురించి, గులాబీల గురించి, ఎక్కడా ఆగలేదు, వెనకున్న బరువే లేపుకుపోయింది. ఆవిడ వింది. తర్వాత ఇంకొన్ని అడిగింది, అన్నిటికీ చెప్పాను. చివరికి తల ఊపి, లేచి, వంటింటి తలుపు తోసింది.

హిస్కే వచ్చి నా పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. డౌవే రాలేదు. వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. ఆయనకీ నాకూ మధ్య గదంతా ఉంది, తివాచీ, బల్ల, కొయ్యని కేకు, వీబే టోపీ. అంతా విన్నాడు. భుజాలు మళ్ళీ పైకి పోయాయి. ఫెన్నా ఏదో అంటోంది, తొందరేం లేదు, కాఫీ తాగుదాం, మీకెప్పుడు అనిపిస్తే అప్పుడు అంటోంది, నేను వినడం లేదు, ఆయన్నే చూస్తున్నాను. ఆయన సరే అనక్కర్లేదు. రోడ్డు ఖాళీ అని నాకూ కనిపిస్తోంది. అయినా చూస్తున్నాను. ఆయన అటు చూశాడు, వీధి తలుపు వైపు. ఇటు చూశాడు, కాలువ వైపు. తర్వాత వంగి ఉన్న హిస్కేని చూశాడు, నన్ను చూశాడు, మొహం నలిగిపోయింది, వద్దు అంటాడనుకున్నాను. కుడి చెయ్యి ఎత్తాడు. తలకంటే పైకి. సగం చెక్కు తీసిన బంగాళాదుంప అందులోనే ఉంది, పెట్టడం మర్చిపోయాడు, నీళ్ళు మోచేతి దాకా కారుతున్నాయి, దించలేదు.